పూలదండ వెనక దీపం

ఆయుధపూజ నాడు మూకండపల్లిలో దండ లేని బండి కనిపించదు. ఫ్యాక్టరీ కార్మికుల ఇళ్ల ముందు వరసగా నిలబెట్టిన మోటారు సైకిళ్లకు పసుపు, గంధం, కుంకుమ, చక్రాల కింద నిమ్మకాయలు. చూడముచ్చటగా ఉంటుంది, కాదనను. మరునాడు అదే అలంకారంతో రోడ్డెక్కుతాం చూడండి, చిక్కంతా అక్కడే.

మంజులమ్మ కొడుకు రక్షిత్‌ది పాత బండి. దాని ముందు దీపం వెలిగినా వెలగనట్టే ఉండేది. కూతురు భువనకు అన్న పనిచేసే ఫ్యాక్టరీలోనే ఉద్యోగం దొరికినప్పుడు మంజులమ్మ అడ్డం పడింది.

"పొద్దున్నే మంచులో, లారీల నడుమ, ఈ గుడ్డి బండి మీద బిడ్డను పంపించేదా? నా వల్ల కాదప్పా!"

రక్షిత్ హోసూరు టౌనుకు పోయి కొత్త ఎల్‌ఈడీ దీపం, దానికి రెండు పక్కలా పగలు కూడా వెలిగే తెల్లని లైట్లు పెట్టించుకొచ్చాడు. "చూడమ్మా, ఆ మలుపు కాడి నుంచే కనపడతాది. చూసేదానికీ బాగుండాది" అన్నాడు. మంజులమ్మ మలుపు దాకా నడిచిపోయి, తన కళ్లతో చూసుకున్నాకే కూతురిని బండి ఎక్కనిచ్చింది.

ఇంతలో ఆయుధపూజ వచ్చింది. పిల్లలను కాపాడే దీపం కదా అని మంజులమ్మ దానికే మందంగా గంధం పూసి, నడుమ కుంకుమ పెట్టింది. పక్క లైట్లు రెండూ మునిగేటట్టు లావుపాటి చామంతి దండ వేసింది. రక్షిత్ ఫొటో తీసుకుని మురిసిపోయాడు.

మరునాడు పొద్దున బాగా మంచు పట్టింది.

"అన్నా, లైటే తెలీడంలేదు. దండ తీసేద్దామా?" అంది భువన.

"వాడిపోయి, దానంతట అది రాలిపోవాల. మనం తీస్తే కీడు!" అని లోపలి నుంచి తల్లి కేకేసింది.

"ఉండనీలే, అందంగా ఉండాది" అన్నాడు రక్షిత్.

సర్వీసు రోడ్డు మలుపులో ఎదురుగా వచ్చిన టెంపో ఉన్నట్టుండి వాళ్లకు అడ్డంగా తిరిగింది. రక్షిత్ బ్రేకు వేశాడు. బండి జారిపడింది. భువన కుడిచెయ్యి విరిగింది.

టెంపో నడిపిన మారియప్ప పారిపోలేదు. వాళ్లిద్దరినీ ఆసుపత్రికి తెచ్చింది అతనే. కబురంది అక్కడికి వచ్చి, తిట్టడానికి నోరు తెరిచిన మంజులమ్మ ముందు చేతులు జోడించాడు.

"దేవుని సాక్షిగా చెప్తా ఉండానమ్మా, లైటనేదే నాకు కనపడలేదు. దగ్గరికి వచ్చినంక పూలు కనపడినాయి."

మంజులమ్మకు తన మీద తనకే కోపం, ఆపుకోలేని ఏడుపు. కట్టు కట్టించుకున్న కూతురిని ఇంట్లో పడుకోబెట్టి, వాకిట్లో ఉన్న బండి దగ్గరికి వచ్చింది. నలిగిన దండను లాగి పారేసింది. చెంగు తడిపి గంధం తుడవసాగింది.

పక్కింటి చిక్కమ్మ గుండె మీద చెయ్యి వేసుకుంది. "అయ్యయ్యో అక్కా, వాడిపోకముందే తీస్తే దోషం గదా!"

మంజులమ్మ చెయ్యి ఆపలేదు. "నీ మొగుడి బండి దండ కూడా తీసెయ్యి, చిక్కమ్మా. దేవునికి మనం చీకట్లో ఉన్నా కనపడతాము. ఎదురొచ్చే మనిషికి కనపడాలంటే మాత్రం దీపం తుడిచి పెట్టుకోవాల్సిందే."