ఇంటికి కుట్టిన పరుపు

నేను ఒక గోనె సంచిని. ఇప్పుడు నన్ను చూస్తే ఆ మాట ఎవరూ నమ్మరు. నా మూతి కుట్టేశారు. నా పక్కన ఇంకో ముప్పై ఒక్క సంచులున్నాయి. అందరి పొట్టల్లోనూ వరి ఊక ఉంది, అందరి ఒంటి మీదా జానెడుకొక కుట్టుంది. మడకశిర దగ్గర ఒక పల్లెలో, పట్టుపురుగులు పెంచే ఇంట్లో, సిమెంటు రేకులకు మూరెడు కింద వెదురు బద్దల మీద మేమంతా పడుకుని ఉన్నాం. మాది కప్పు కింద కప్పు.

నేను పుట్టింది చాలా దూరాన, విజయనగరం వైపు గోగు చేలో. నన్ను కోసి కట్టలు కట్టి నీటిగుంటలో నానేశారు. మూడు వారాల తరువాత ఆడవాళ్ళు నడుం లోతు నీళ్ళలో నిలబడి నా నార ఒలిచారు. ఆ వాసనకు దారిన పోయేవాళ్ళు ముక్కు మూసుకునేవారు, ఆ ఆడవాళ్ళు మాత్రం పెళ్ళిళ్ళ గురించి మాట్లాడుకుంటూ పని చేసేవారు. మిల్లులో నన్ను వడికి, నేసి, అంచు కుట్టి, నూటొక్క సంచుల్లో ఒకటిగా కట్టేశారు.

ఆపైన నా మీద చాలామంది పేర్లు పడ్డాయి. మొదట వడ్ల వ్యాపారి ఎర్ర రంగుతో తన పేరు వేయించాడు. తరువాత మిరపకాయల వ్యాపారి దాని మీదే నల్ల రంగుతో తన పేరు కొట్టించాడు. ఆయన దగ్గరున్నన్నాళ్ళూ నన్ను ముట్టుకున్నవాడల్లా తుమ్మాడు. చివరకు చెనక్కాయల, అంటే వేరుశనగల, వ్యాపారి ఆ రెంటి మీదా అడ్డంగా తన పేరు వేయించుకున్నాడు. మనుషులకు పేరు రాసుకోవడం ఇష్టం. లోపలి సరుకు పదిరోజుల్లో ఎటో పోయేది, పేరు మాత్రం నా ఒంటి మీద ఉండిపోయేది.

చెనక్కాయల కొట్టు నుంచి నన్ను కుళ్ళాయప్ప తెచ్చుకున్నాడు. అతను పేరు వేయలేదు. నన్ను నీళ్ళలో ముంచి తన ఇంటి కిటికీకి వేలాడదీశాడు.

ఆ ఇల్లు దూదేకుల వాళ్ళది. ఒక పడమటి గది, ఒక ముందు గది, ఒక వసారా. పడమటి గది పురుగులది, మిగిలింది మనుషులది. కుళ్ళాయప్ప భార్య మాబున్ని. వాళ్ళది మేనరికం కాబట్టి మాబున్నికి అత్త హుసేనమ్మ సొంత మేనత్త. పురుగుల పని అంతా మాబున్నిది. ఇంటి వెనక ఎకరం మల్బరీ తోట కూడా ఆమె చేతి మీద వచ్చిందే. పెళ్ళైన ఏడాది కొమ్మ ముక్కలు తెచ్చి నాటి, బోరు ఆగిపోయిన నెలరోజులూ బిందెలతో నీళ్ళు పోసి బతికించింది.

పట్టుపురుగుకు వేడి పడదు. అందుకే ఎండాకాలం కిటికీలకు తడి సంచులు కడతారు. రోజుకు నాలుగుసార్లు నన్ను తడిపేవాళ్ళు. పురుగులకు చల్లదనం ఇస్తున్నానని నాకూ నమ్మకంగానే ఉండేది. కానీ ఆ గదిలో జరిగింది వేరు. పైన రేకు కాలిపోతోంది, కింద నా తడి ఆవిరవుతోంది, పురుగుల మీద గుడ్లు పెట్టే ఈగ దూరుతుందని తలుపు మూసి ఉంది. మధ్యాహ్నం రెండు గంటలయ్యేసరికి గది ఇడ్లీ పాత్రలా తయారయ్యేది. పురుగులు మేత మీద తల ఎత్తి అట్లాగే ఉండిపోయేవి. మరునాటికి మెత్తబడి నల్లబడేవి. అట్లా ఒక వేసవి పంట పోయింది. మరుసటి వేసవిదీ పోయింది. గూడు కట్టడానికి నాలుగు రోజుల ముందు చచ్చిన పురుగులను మాబున్ని గంపలతో మోసి, గుంటలో పోసి, సున్నం చల్లి మట్టి కప్పింది. ఏడవలేదు. చేతులు మాత్రం చాలాసేపు కడుక్కుంది.

కుళ్ళాయప్ప వసారాలో కూర్చుని నేల చూస్తూ అన్నాడు. "వచ్చే ఎండాకాలం గూడా ఇట్లే అయితే తోట పీకేస్తా. వేళ్ళతో సహా పీకేసి టమేటా పెడతా. నాకింగ ఎవురూ చెప్పొద్దు."

 మాబున్నికి మాటలు తక్కువ, చూడడం ఎక్కువ. మరుసటి ఏడాది మార్చిలో, ఖాళీ గదిలో, గోడకు తగిలించే ఉష్ణమాపకం పట్టుకుని మూడు రోజులు తిరిగింది. నేల దగ్గర పెట్టి చూసింది, నడుం ఎత్తున పెట్టి చూసింది, స్టూలు ఎక్కి రేకు కింద పెట్టి చూసింది. ఒకే గది, ఒకే వేళ, కింద ముప్పై ఎనిమిది, పైన నలభై ఆరు. స్టూలు దిగి అత్త దగ్గరకు పోయింది.

"అత్తా, మనం కిటికీలకు నీళ్ళు పోసి సచ్చిపోతాండాం. కొడతాండేది కిటికీ కాదు. నెత్తి మీద నుంచి కొడతాంది."

"నెత్తికి గుడ్డ కట్టుకోకుండా ఎండలో పొయ్యేదాన్ని పిచ్చిదంటాం. ఇంటికి మాత్రం కట్టలా," అంది హుసేనమ్మ.

కుళ్ళాయప్ప వెదురు బద్దలు కట్టాడు. మమ్మల్ని కిటికీల నుంచి దించి, ఇంకొన్ని సంచులు అడిగి తెచ్చి, ఊళ్ళో దొరికే చెనక్కాయ పొట్టు కూరికాడు. మూట కట్టినట్టే మూతులు కట్టి పైన వరసగా పేర్చాడు. గుండ్రటి మూటల మధ్య సందులు మిగిలాయి. ఆ సందుల్లోంచి వేడి ఎప్పటిలాగే దిగింది. పైగా పొట్టులో అక్కడక్కడ మిగిలిన పప్పు కోసం చీమలు బయలుదేరాయి. రెండో రోజుకు గోడ పొడవునా ఎర్రచీమల బారు. చీమ పడితే పట్టుపురుగు బతకదు.

హుసేనమ్మ తల ఎత్తి ఆ బారును చాలాసేపు చూసింది. "పురుగులకు పందిరి ఎయ్యమంటే చీమలకు పెండ్లి విందు పెట్టినావే నాయనా!"

"నువ్వు ఎయ్యి, చూస్తా," అన్నాడు కొడుకు, చీమ కుట్టిన మెడ రుద్దుకుంటూ.

"ఎయ్యకేం. దించు."

ఇక్కడ హుసేనమ్మ గురించి చెప్పాలి. ఆమె భర్త బతికున్న రోజుల్లో భుజాన దూది ఏకే విల్లు వేసుకుని ఊరూరా తిరిగేవాడు. అతను ఏకిన దూదిని ఈమె పరుపులుగా కుట్టేది. చుట్టుపక్కల పది ఊళ్ళలో పెళ్ళికూతుళ్ళు ఆమె కుట్టిన పరుపుల మీద పడుకున్నారు. తరువాత స్పాంజి పరుపులు వచ్చాయి. విల్లు అమ్ముడుపోయింది. ఆమె చేతిలో ఉన్న విద్యను అడిగే మనిషి పదిహేనేళ్ళుగా లేడు.

ఆమె చెనక్కాయ పొట్టు అంతా పారబోయించి మమ్మల్ని దులిపి ఎండబెట్టించింది. మిల్లు నుంచి వరి ఊక తెప్పించి చేతితో నలిపి చూసింది. నూకలు లేవు, చీమకు పని లేదు. నన్ను వసారాలో పరిచి, నాలుగు వేళ్ళ మందాన ఊక నింపి, అరచేత్తో తట్టి తట్టి సమం చేసింది. అప్పుడు దబ్బనం తీసింది.

"పరుపులో దూది ఎంతుందని కాదు పాపా, యాడుందని చూడాల," అని కోడలికి చెప్పింది. "మూలకు జారిపోతే నడుమ నేల తగుల్తాది. జానకొక కుట్టు ఏస్తే యాడిది ఆడనే ఉంటాది."

దబ్బనం నాలోంచి దిగి పైకి వచ్చిన ప్రతిసారీ నేను ఆ చేతిని చూశాను. ఒక్క కుట్టూ వంకర పోలేదు. నన్ను నింపినవాళ్ళు, మోసినవాళ్ళు, విసిరినవాళ్ళు ఎందరో ఉన్నారు. నాకు ఒక ఆకారం ఉండాలని అనుకున్న మనిషి ఆమె ఒక్కతే.

పక్కింటి ఓబుళమ్మ వచ్చి గడప మీద కూర్చుంది. "ఏం హుసేనమ్మక్కా, ఇంటికే పరుపు కుడతాండావంట?"

"అవును. కొలతలు తీస్తాండా."

"మనుసులు పరుపు మీద పండుకుంటారు. నీ పరుపు మనుసుల మీద పండుకుంటాదా?"

"మనుసుల మీద కాదులేమ్మే. పురుగుల మీద. మనుసులకెవురు కుడతారు?"

ఇద్దరూ నవ్వారు. ఓబుళమ్మ నవ్వుతూనే ఇంకో దబ్బనం అందుకుంది.

ఆరు రోజుల్లో ముప్పై రెండు పరుపులూ అయ్యాయి. మమ్మల్ని పైకి ఎక్కించి, అంచుకు అంచు కలిపి, వేలు దూరే సందు కూడా లేకుండా కుట్టారు. ధూళి రాలకుండా కింద పాత నూలు చీరలు అంటించి గంజి కలిపిన సున్నం పూశారు. రేకుకూ మాకూ మధ్య మూరెడు ఖాళీ ఉంచమని, రెండు గోడల్లోనూ పైన కంతలు పెట్టమని హుసేనమ్మ పట్టుబట్టింది. అక్కడ వేడి గాలి నిలవకుండా బయటికి పోవాలట. నా చోటు పడమటి కంత పక్కన. అందులోంచి తోటలో ఒక మూల నాకు కనిపిస్తుంది.

ఏప్రిల్ మొదట్లో పురుగులు వచ్చాయి. పట్టుపురుగు పెరుగుతూ నాలుగుసార్లు మేత మానేసి, కదలకుండా పడుకుని, పాత చర్మం వదులుతుంది. దాన్ని ఇక్కడి వాళ్ళు జ్వరం అంటారు. నాలుగో జ్వరం లేచాక ఒక వారం అది తిండి తప్ప ఇంకోటి ఎరగదు. పోయిన రెండు పంటలూ పోయింది ఆ వారంలోనే.

ఆ వారం ఎండ ముదిరింది. మధ్యాహ్నం రేకు మీద వాలిన కాకి వెంటనే లేచిపోయింది. నా వీపు కాలుతోంది. కానీ పొట్టలో ఆశ్చర్యంగా ఉంది. ఊక పొరల మధ్య చిక్కుకున్న గాలి కదలలేదు. కదలని గాలి వేడిని కిందికి మోయదని నాకు అప్పుడే తెలిసింది. నేను ఏదో ఘనకార్యం చేయలేదు. పైన ఎండను, కింద నీడను ఒకదాన్నొకటి తాకకుండా మధ్యలో పడుకున్నాను, అంతే. నా కడుపు వైపు సున్నం చల్లగానే ఉంది.

మాబున్ని నేల తడిపి, కిటికీలు ఈసారి తెరిచే ఉంచి, ఈగలు రాకుండా వల కట్టింది. అరల మీద కొత్త కొమ్మలు పరిచి గోడ దగ్గర నిలబడింది. గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, కాళ్ళు కడుక్కుని కుళ్ళాయప్ప వచ్చి నిలబడ్డాడు. రెండు గంటలైంది. నిరుడు ఈ వేళకే పురుగులు తల ఎత్తేశాయి. ఇద్దరూ అరల వైపు చూడలేదు. చెవులు పెట్టి విన్నారు.

వేల నోళ్ళు ఆకు కొరుకుతున్న సరసరమనే చప్పుడు. రెండున్నరకూ ఆగలేదు. మూడుకూ ఆగలేదు.

"ఎంతుంది?" అన్నాడు కుళ్ళాయప్ప మెల్లగా.

"ముప్పై ఒకటి."

"సరిగ్గా చూసినావా?"

"నువ్వే చూడు బావా."

అతను చూశాడు. వసారాలోకి పోయి అక్కడి వేడిలో ఒక నిమిషం నిలబడి, మళ్ళీ లోపలికి వచ్చి ఇంకోసారి చూశాడు.

ఐదో రోజు సాయంత్రం గాలివాన వచ్చి వడగళ్ళు పడ్డాయి. అరగంటలో బయట చలి పుట్టింది. రేకు గలగలలాడింది. వేడిని ఆపిన ఊకే చలినీ ఆపింది. వడగళ్ళ మోత నా దగ్గరే సగం ఆగిపోయింది. పురుగులు తింటూనే ఉన్నాయి.

అప్పటి నుంచి ఇంట్లో ఒక వింత మొదలైంది. మధ్యాహ్నం అయితే హుసేనమ్మ పురుగుల గది గుమ్మానికి ఆనుకుని కూర్చునేది. ఓబుళమ్మ ఏదో అడగడానికి వచ్చి, అడగాల్సింది మరిచిపోయి, ఆమె పక్కనే చేరేది. ఆ రేకుల కింద ఆ కుటుంబం పదకొండు వేసవులు గడిపింది. విసనకర్రలు అరిగాయి, హుసేనమ్మ ఒళ్ళంతా చెమటకాయలు లేచాయి, ఒక మధ్యాహ్నం ఆమె కళ్ళు తిరిగి పడిపోయింది కూడా. అప్పుడెప్పుడూ ఎవరికీ కప్పు గుర్తుకు రాలేదు. మనిషి ఓర్చుకుంటాడు కనుక అతని ఇంటికి నీడ ఆలస్యంగా వస్తుంది. పురుగు ఓర్చుకోదు.

పురుగులు పండి, గూడు కట్టుకోవడానికి వెదురు తడికలైన చంద్రికల మీదికి ఎక్కాయి. మూడు రోజుల్లో గది నిండా తెల్లటి గూళ్ళు. వాటిని ఒలిచి మొగుడూ పెళ్ళాలు హిందూపురం మార్కెట్టుకు పోయి, మరునాడు మధ్యాహ్నానికి తిరిగి వచ్చారు.

"ఏమన్నారు?" అంది హుసేనమ్మ.

"గూడు గట్టిగా ఉందన్నారు. ఎండాకాలం గూడు ఇట్లా యాడ పెంచినారని అడిగినారు," అంది మాబున్ని.

 కుళ్ళాయప్ప చొక్కా విప్పి, కడిగి ఆరబెట్టిన ఖాళీ గదిలోకి వచ్చి, నా కింద వట్టి నేల మీద వెల్లకిలా పడుకున్నాడు.

"పురుగులు ఎప్పుడు ఖాళీ చేస్తాయా అని కాచుకోనుంటివే," అంది తల్లి గుమ్మంలోంచి.

"ముందు గదికి ఎన్ని సంచులు పడతాయి?" అన్నాడు అతను కళ్ళు మూసుకునే.

"నలభై. నాకు కళ్ళు ఆనవు. దారం ఎక్కియ్యాల నువ్వే."

అంతలో అతని ఫోను మోగింది. అవతలి గొంతు గదంతా వినిపించింది. అతను ముందే చెప్పి ఉంచిన టమేటా నారు తయారుగా ఉందట, ఎప్పుడు తీసుకుపోతావని. మాబున్ని నీళ్ళ చెంబు చేతిలో పట్టుకుని ఆగిపోయింది. కుళ్ళాయప్ప కళ్ళు తెరిచి నా సున్నం వైపు చూశాడు.

"ఇంగెవురికన్నా ఇచ్చెయ్యప్పా," అన్నాడు. "నాకు నేల ఖాళీ లేదు."

మాబున్ని చెంబు అతని తల దగ్గర పెట్టి, చూరులో ఉన్న కొడవలి తీసుకుని ఇంటి వెనక తోటలోకి నడిచింది. కంతలోంచి నాకు ఆమె కనిపించింది. ఆకు అయిపోయిన మల్బరీ కొమ్మలను, కొత్త చిగురు రావడానికి, మొదటి సాలు నుంచి ఒక్కొక్కటిగా మోకాలి ఎత్తున కోస్తూ పోయింది. పొద్దు వాలేసరికి నాకు కనిపించే ఆ మూలంతా మోడులే మిగిలాయి. వేళ్ళు మాత్రం నేలలోనే ఉన్నాయి. ఆమె బోరు మోటారు వేసి, మొదటి మడికి నీళ్ళు వదిలింది.