పదిహేడు పెట్టెల వరస

గుమ్మం దగ్గరది మొదటిదంటాడేమిటి ఈయన, గుమ్మం దగ్గరది పదిహేడోది కదా, వరస గోడ మూల నుంచి కదా మొదలయ్యేది, అనుకుంటూ అల్లుడు ప్రింటర్లోంచి తీసిన లేబుల్ చుట్టను చేతుల్లో అటూ ఇటూ తిప్పాడు, తిప్పుతూనే వీధి గుమ్మంలో మామగారు కొరియర్ బండి అతనితో అంటున్న మాటకి మళ్లీ చెవి ఒగ్గాడు, ఇదిగో తమ్ముడూ, ఈ గుమ్మం దగ్గరున్నదే అన్నిటికన్నా ముందు కుట్టింది, పంతులమ్మది, సోమవారం కొత్త బళ్లో చేరుతోందట, దీని నెత్తిన బరువులు పెట్టకు, అంటున్నాడు ముసలాయన, పంతులమ్మదంటే మొదటి ఆర్డరు, మొదటి ఆర్డరు లేబుల్ తను గోడ మూలనున్న పెట్టెకి అతికించాడు, అతికించి ఊరుకోకుండా అంచులు లేవకూడదని అరచేత్తో మూడుసార్లు రుద్దాడు కూడా, అంటే గుమ్మం దగ్గరున్న పెట్టె మీద ఆఖరి చిరునామా ఉంది, అంటే మూలనున్నది, అంటే మధ్యలోవి, లెక్క ఒక్కొక్క మెట్టే దిగుతుంటే ఒంట్లో నెత్తురు కూడా దాని వెంటే అరికాళ్లలోకి దిగింది, వరస మొత్తం తలకిందులు, పదిహేడు పెట్టెలూ ఒకరివి ఒకరికి, ఉండు, అన్నీ కాదు, సరిగ్గా నడిమిది, తొమ్మిదోది, ఎటునుంచి లెక్కపెట్టినా తొమ్మిదోదే, అదొక్కటీ తన ఇంటికి తను పోతుంది, అదీ అల్లుడి తెలివివల్ల కాదు, దాని అదృష్టం అది.

మామూలు చెప్పుల కొట్టయితే ఇంత గుండెదడ ఎందుకు, అటువి ఇటు పోయినా ఎవరో ఒకరి కాలికి పడతాయి, ఇక్కడ అలా కాదే, మామగారు కుట్టేదే రెండు కాళ్లూ సమానంగా లేనివాళ్లకి, ఎడమది ఏడు కుడిది తొమ్మిది, ఒకటి పొట్టి ఒకటి పొడుగు, ఒకరి జోడు భూమ్మీద ఇంకొకరికి పట్టదు, ఇలాంటి పాదాలు లోకంలో ఇన్ని ఉన్నాయని కూతురు ఇంటర్నెట్లో కొట్టు తెరిచేదాకా ఎవరికి తెలుసు, తెరిచాక పని పోయి ఇంట్లో గోళ్లు కొరుక్కుంటున్న మొగుణ్ణి లేబుళ్ల ముందు కూర్చోబెట్టింది, ఏవండీ, చూసి అతికించండి అంది, చూశాడు కదా, కళ్లు రెండూ పెట్టుకుని చూశాడు, కాని చూసింది గోడౌన్ కళ్లతో, పద్నాలుగేళ్లు గోడౌన్లో సరుకు ఎత్తించినవాడికి ముందొచ్చినది లోపలి గోడకి పోతుంది, ఆఖరున వచ్చినది తలుపు దగ్గర ఆగుతుంది, అదే వేదం, మామగారేమో వెలుతురు కోసం గుమ్మంలో కూర్చుని కుడతాడు, మొదటి జత పక్కనే పెడతాడు, రెండోది దాని పక్కన, అలా లోపలికి జరుపుకుంటూ పోతాడు, పెట్టె మీద ఒక్క అక్షరం రాయడు, ఎందుకు మామయ్యా అంటే రాసుకోవడం మరిచిపోయేవాడి పని నాయనా అంటాడు, పెట్టెలన్నీ ఒకే కొలత, ఒకే రంగు, కవల పిల్లల్లా, మళ్లీ ఒక్కో లేబుల్‌కీ తెర మీద ఎన్ని ప్రశ్నలు, మామూలుగా పంపాలా, త్వరగా పంపాలా, సంతకం తీసుకుని ఇవ్వాలా, బరువెంత, వెనక నిలబడి చూస్తున్న మామగారు, పెళ్లిసంబంధానికి కూడా ఇన్ని అడగలేదురా నిన్ను, అని నవ్వాడు, పంతులమ్మకి త్వరగా అన్నది తనే నొక్కాడు, ఎల్లుండికల్లా చేరుతుంది, తప్పకుండా చేరుతుంది, వంటమనిషి జోడు చేరుతుంది, పదిహేడో ఆర్డరు, కుడికాలు పడవంత, పంతులమ్మ సంబరంగా టేపు కోసి మూత తీసి, అబ్బ, పంతులమ్మ రాసిన ముక్క ఇంకా కళ్ల ముందే ఉంది, పదకొండేళ్లుగా ఎడమ చెప్పులో గుడ్డపీలికలు కుక్కుకుని నడుస్తున్నానండీ, నా నడకను పిల్లలు అనుకరించని బడి ఒక్కటి చూడాలని ఉంది, అని రాసింది, అది చదివి మామగారు ముక్కు తుడుచుకుని, దుమ్మెక్కువైంది ఈ గదిలో అన్నాడు.

బండతను పెట్టెల్ని సంచుల్లోకి ఎత్తుతున్నాడు, ఒకటి, రెండు, మామగారు ఊరికే ఉంటాడా, కోతల సంచీ విప్పాడు, నా చిన్నతనంలో ఒకాయన ఉండేవాడయ్యా, ఎంత పొడుగంటే పొద్దున కాల్లో ముల్లు దిగితే సాయంత్రానికి గాని అబ్బా అనేవాడు కాదు, కబురు తలదాకా ఎక్కొద్దూ, ఆయనకి జోడు కుట్టింది మా నాన్న, పాతబడ్డాక ఒకటి పడవ చేసుకున్నారు, రెండోదాంట్లో ఒక సంసారం కాపురముంది, బండతను సంచి మూతి బిగిస్తూ, అద్దెంత పెద్దాయనా అన్నాడు, అద్దె ఎక్కడ తీసుకుంటాం, వాసన భరిస్తున్నారు కదా పాపం, ఇద్దరూ పగలబడి నవ్వుతున్నారు, ఇక్కడ అల్లుడికి చెమట, చెప్పెయ్, ఇప్పుడే చెప్పెయ్, చెబితే ఏమవుతుంది, కోతలరాయుడు ఈ కథని చుట్టాలందరికీ పంచిపెడతాడు, మా అల్లుడు పదిహేడు చీటీలు అతికించి పదహారు తప్పు చేశాడని, ఏడాది తిరిగేసరికి అది పదిహేడు వేలవుతుంది, చెప్పకపోతే, ఏమీ కాదు, నాలుగు రోజులకి ఫోన్లొస్తాయి, అయ్యో చీటీలు ఊడితే కొరియర్ వాళ్లు తారుమారుగా అతికించారండీ అంటే సరి, ఎవరైనా నమ్ముతారు, కొరియర్ వాళ్లంటే లోకువే అందరికీ, పెళ్లాం నమ్ముతుంది, మామగారు నమ్ముతాడు, నాలుగుసార్లు చెబితే తనే నమ్మేస్తాడు, అంత సులువు, నోరు కూడా మెదపక్కర్లేదు, ఊరికే నిలబడితే చాలు, ఇంతలో బండతని గొంతు, నవ్వు తగ్గిన గొంతు, జాగ్రత్తగానే తీసుకెళ్తాను పెద్దాయనా, ఇప్పటికే నా మీద రెండు ఫిర్యాదులున్నాయి, ఒకటి కూడా నేను చేసింది కాదు, మూడోది పడితే బండి తాళాలు ఇచ్చేసి పొమ్మన్నారు, మా ఆవిడకి ఇంకా చెప్పలేదు, అన్నాడు, ఆ మాట ఎవరు అడిగారు ఇతన్ని, ఎందుకు చెప్పాలి, చెప్పకుండా పోతే హాయిగా ఉండేది కదా, అని అల్లుడికి అతని మీద ఒళ్లు మండింది, తప్పు తనది, మంట అతని మీద, తమాషా.

సంచులు బండెక్కాయి, వెనక తలుపు ధడేలుమంది, అతను ఎక్కి కూర్చున్నాడు, అల్లుడు గుమ్మందాకా వచ్చాడు, నోరు తెరిచాడు, మూశాడు, మూసిన పెదాలు లేబుల్ కన్నా గట్టిగా అతుక్కున్నాయి, బండి పోతే బావుణ్ణు అని ఒక మనసు, పోకుండా ఉంటే బావుణ్ణు అని ఇంకో మనసు, ఇంజను మోగింది, మామగారు కిటికీ మీద చెయ్యి వేసి, ఆగవయ్యా, అసలు ముక్క వినలేదు, ఆ చెప్పులో కాపురమున్నవాళ్లు ఓ రోజు తాడు తెగి, అని మొదలెట్టాడు, ముసలాయన కోతకి కొస లేదు, ఆ కొసలేనితనంలోనే, ఎవరో వీపు మీద తోసినట్టు, అల్లుడు బండి ముందుకొచ్చి నిలబడ్డాడు, దించు, అన్నాడు, దించు తమ్ముడూ, చీటీలు తిరగబడ్డాయి, నేనే అతికించాను, గోడవైపు నుంచి మొదలుపెట్టాను, తప్పు నాది మామయ్యా, అనేసి కళ్లు మూసుకున్నాడు, ఇంజను ఆగింది, చెప్పులో కాపురం కూడా ఆగింది, మామగారు కిటికీ మీంచి చెయ్యి తీసి, అన్నీ తప్పేనా అన్నాడు, పదహారు, అన్నాడు అల్లుడు, మరి ఆ ఒక్కటీ ఎలా ఒప్పు చేశావురా, నడిమిది మామయ్యా, దానంతటదే, అనేసరికి ముసలాయన బండి తలుపు పట్టుకుని ఊగిపోయాడు నవ్వలేక, లోపల కుట్టు మిషను మీంచి పెళ్లాం, అందుకే చూసి అతికించమన్నది ఏవండీ, అని కేకేసింది, బండతను మాత్రం నవ్వలేదు, దిగి, అల్లుడి మొహం వంక ఒక్క క్షణం చూసి, సంచులు దించి మూతులు విప్పి గుమ్మంలో చతికిలబడ్డాడు, తీయండి సార్, నేను చిరునామాలు చదువుతాను, మీరు మళ్లీ కొట్టండి, అన్నాడు.

ప్రింటర్ కీచుమంటూ ఒక్కొక్క చీటీ కక్కుతోంది, వేడి చీటీ, పాతదాని నెత్తిన కొత్తది, ఈసారి మామగారే ప్రతి పెట్టె మూత ఎత్తి లోపల చెయ్యి పెట్టి తడిమి, ఇది వంటమనిషి, ఇది కుంటి మేష్టారు, ఇది బొటనవేలు బాబు, అని పలుకుతుంటే, అల్లుడు టేపు వేసి అతికిస్తూ, ఎందుకో గోడౌన్లో తన పై ఆఫీసరును తలుచుకున్నాడు, తలుచుకోవడం కొత్త కాదు, రెండేళ్లుగా గడ్డం గీసుకున్నప్పుడల్లా అద్దంలో ఆయన్ని కోస్తూనే ఉన్నాడు, మందుల లారీ తప్పు ఊరికి పోయింది, తప్పు కాగితం మీద సంతకం ఆఫీసరుది, పోయింది తన ఉద్యోగం, విచారణకి వచ్చినాయన ఎవరి పొరపాటు ఇది అని అడిగితే ఆఫీసరు తన వంక చూశాడు, నోరు తెరిచాడు, మూశాడు, కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడిచాడు, తుడిచి, గుమాస్తాదండీ అన్నాడు, గుమాస్తా అంటే తనే, ఆ నోరు తెరవడం అబద్ధాన్ని సర్దుకోవడానికే అనుకున్నాడు ఇన్నాళ్లూ, పాము పడగ విప్పడమే అనుకున్నాడు, పెళ్లానికీ అలాగే చెప్పాడు, కాని ఇందాక గుమ్మంలో తన నోరు కూడా అచ్చం అలాగే తెరుచుకుంది, అలాగే మూసుకుంది, లోపల ఉన్నది అబద్ధం కాదు, నిజమే, బయటికి రావడానికి దారి వెతుక్కుంటోంది, ఆయన నోట్లోనూ అదే ఉండి ఉంటుంది, పంతులమ్మ పెట్టె మీద చీటీ అంచుని బొటనవేలితో నొక్కుతూ అల్లుడు ఒక్క క్షణం ఆగిపోయాడు, ఆయన నాకన్నా చెడ్డవాడేం కాదు, భయపడ్డాడంతే, నేను ఎంత భయపడ్డానో అంతే, ఆయన పక్కన మాత్రం మామయ్యలా కోతలు కోస్తూ బండి ఆపి నిలబెట్టేవాడు ఒక్కడూ లేకపోయాడు.