వెనక వరుసలో కోకిల

చెల్లెలు పోయిన రోజు మధ్యాహ్నానికే ఆమెది కోకిల గొంతని నాకు తెలిసింది.

ఆసుపత్రి వరండాలో కూర్చున్నాను. లోపల చెల్లెలి భర్త కాగితాల మీద సంతకాలు పెడుతున్నాడు. చేతిలో ఫోన్ ఆగకుండా మూలుగుతోంది. మా కాన్వెంట్ పాత విద్యార్థినుల గ్రూపు అది. "మన కోకిల ఎగిరిపోయింది" అని ఒకామె రాసింది. "ఆ గొంతు ఇంకా నా చెవుల్లో ఉంది" అని ఇంకొకామె. "ఎప్పుడూ నవ్వుతూ ఉండేది, ఎవరినీ గట్టిగా ఒక మాట అనేది కాదు" అని మరొకామె. ఆ కింద జోడించిన చేతుల బొమ్మలు, పూల బొమ్మలు. తొందరలో ఎవరో కేకు బొమ్మ కూడా పెట్టారు.

నా చెల్లెలు అదే ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీసేది. గట్టిగా మాట అనకపోతే ఆ ఉద్యోగం ఒక్క పూట కూడా సాగదు. "ఊపిరి బిగబట్టమంటే బిగబట్టాలి, నాతో కబుర్లు చెప్పకూడదు" అని ఆమె లోపల అరిస్తే, బయట బల్లల మీద కూర్చున్నవాళ్ళు కూడా బిగబట్టేవాళ్ళని నర్సులు చెప్పుకునేవాళ్ళు. ఇక నవ్వు సంగతంటారా, ఫొటోకి నవ్వమంటే "ఎందుకు, ఇప్పుడేం జరిగిందని?" అని అడిగే మనిషి.

పాట సంగతి నాకొక్కదానికే తెలుసు. బళ్ళో నేను ఆమెకంటే రెండు తరగతులు ముందు. చర్చిలో పండగ పూజకీ బడి వార్షికోత్సవానికీ పాడే బృందంలోకి ఆమెను తీసుకున్నది ఎత్తు చూసి. వెనక వరుసలో తలలన్నీ సమానంగా కనిపించాలన్నది మ్యూజిక్ సిస్టర్ పట్టుదల. మొదటి రోజు సాధన అయ్యాక సిస్టర్ ఆమెను పక్కకి పిలిచి, "నువ్వు నిలబడు తల్లీ, పెదాలు కదుపు. శబ్దం మాత్రం చెయ్యకు" అని చెప్పింది. ఆ సాయంత్రం బూట్లకి పాలిష్ రాసుకుంటూ చెల్లెలు నాతో ఆ మాట చెప్పింది. ఏడవలేదు. "హాయిగా ఉంది, గొంతు నొప్పి ఉండదు" అంది. బడి వదిలేదాకా అలాగే నిలబడింది.

గ్రూపులో నేనేమీ అనలేదు. నాలుగు రోజులు పోతే ఆ కోకిలే సద్దుమణుగుతుందనుకున్నాను. సద్దుమణగలేదు.

మా పాత విద్యార్థినుల సంఘం ఏటా ఒక చిన్న పుస్తకం వేస్తుంది. చివరి పేజీల్లో వార్తలు, జ్ఞాపకాలు ఉంటాయి. ఎవరి కూతురికి పెళ్ళయింది, ఎవరికి ప్రమోషన్ వచ్చింది, ఎవరు మోకాలి ఆపరేషన్ చేయించుకున్నారు. ఆ తర్వాత, పోయినవాళ్ళు. మనిషికొక పేజీ, మీద ఫొటో. ఆ పేజీ ఇంట్లోవాళ్ళు రాయకూడదు, తరగతిలో తోటివాళ్ళే రాయాలి. బంధువులైతే పొగడ్తలు తప్ప ఏమీ రాయరని ఆ నియమం పెట్టారు. పొగడ్తలకి బంధుత్వం అక్కర్లేదని ఇన్నేళ్ళలో ఎవరికీ తోచలేదు.

నేను భాష చెప్పే టీచర్ని కాబట్టి తప్పులు దిద్దే పని ఎప్పుడూ నాదే. అలా చెల్లెలి పేజీ కూడా నా దగ్గరికే వచ్చింది. కోకిల కంఠం. చెరగని చిరునవ్వు. మృదుభాషిణి. చివరన ఒక ప్రకటన: ఆమె జ్ఞాపకార్థం ఈ ఏటి నుంచి బళ్ళో చక్కగా పాడే అమ్మాయికి పతకం.

ఎర్ర పెన్ను పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. దిద్దడానికి అక్షర దోషం ఒక్కటీ లేదు. మనిషి గురించి రాసేటప్పుడు ఆ మనిషికి తప్ప ఇంకెవరికీ నప్పని వాక్యం ఒక్కటైనా ఉండాలని పిల్లలకి ఏటా చెబుతాను. ఈ పేజీ మా బళ్ళో చదివిన ఎవరికైనా నప్పుతుంది, నా చెల్లెలికి తప్ప.

రాసింది గంట. సంఘం కార్యదర్శి, చెల్లెలి తరగతే. బళ్ళో గంట కొట్టే పని ఆమెది కాబట్టి ఆ పేరు నిలిచిపోయింది. ఇప్పుడు కళ్ళజోళ్ళ షాపు నడుపుతోంది. మర్నాడు బడి అయ్యాక అక్కడికే వెళ్ళాను. గోడ నిండా అద్దాల పెట్టెలు, కౌంటర్ వెనక పెద్ద ఫ్రేములో పాటల బృందం ఫొటో. వెనక వరుసలో నా చెల్లెలు, ఆమె పక్కన గంట. గంట ఎవరిదో కళ్ళజోడుకి స్క్రూ బిగిస్తోంది.

"రా అక్కా, కూర్చో. ఏమన్నా తిన్నావా? మొహం అలా పీక్కుపోయిందేంటి?"

"పేజీ చదివాను."

"ఏడుపొచ్చింది కదూ? మా కోడలికి చదివి వినిపిస్తే వెక్కి వెక్కి ఏడ్చింది. తనెప్పుడూ మీ చెల్లిని చూడను కూడా లేదు, పాపం."

"గంటా, అది పాడేది కాదు."

"ఎవరు?"

"మా చెల్లెలు."

"అయ్యో అక్కా! బాధలో ఉన్నావు, అందుకే ఏదో అంటున్నావు. అన్నేళ్ళు పక్కన నిలబడింది నేను. నాకు చెప్తావా?"

చెప్పాను. పాలిష్ రాసుకుంటూ ఆమె అన్న మాటలతో సహా చెప్పాను. గంట చేతిలోంచి స్క్రూ జారి కిందపడింది. ఇద్దరం వంగి వెతుకుతుంటే, కౌంటర్ కిందనుంచే మెల్లగా అంది:

"నాకూ అదే మాట చెప్పింది అక్కా, సిస్టర్. అక్షరం కూడా తేడా లేదు."

తల పైకెత్తబోయి కౌంటర్‌కి కొట్టుకున్నాను.

"మరి వినిపించిన గొంతెవరిది?"

"మీ చెల్లిదే అనుకున్నా. నాది కాదు కదా, ఇంకెవరిదవుతుంది?"

"ముందు వరుసవాళ్ళది?"

గంట వెంటనే ఫోన్ తీసింది. చెవుల్లో ఆ గొంతు ఇంకా ఉందని గ్రూపులో రాసినామెకి చేసింది. ఆమె బ్యాంకు మేనేజరు. ముందు వరుసలో మధ్యన నిలబడేది. స్పీకర్లో ఆమె మాట స్పష్టంగా వినపడింది: "నేనా? నేనెక్కడ పాడానే! వెనక మీరున్నారు కదాని పెదాలు కదిపేదాన్ని. ఈ మాట ఎక్కడా అనకే తల్లీ, నీ కాళ్ళు పట్టుకుంటా."

గంట ఫోన్ పెట్టేసి ఫొటో వైపు తిరిగింది. తిరిగి నా వైపు చూసింది. "హార్మోనియం సౌండు కాస్త ఎక్కువగానే ఉండేదిలే" అంది.

నాకు నవ్వు రాలేదు. అరవాలనిపించింది. అరవడం అలవాటు లేక నీళ్ళు అడిగి తాగాను.

"మరి నా కాలెందుకు తొక్కేదక్కా?" అంది గంట ఉన్నట్టుండి.

"ఎవరు?"

"మీ చెల్లే. నాకు పాటలో మాటలు సరిగ్గా వచ్చేవి కావు. అందరూ నోరు మూసే చోట నేను తెరిచేసేదాన్ని. అప్పుడు బూటుతో తొక్కేది. మామూలుగా కాదు, కసిగా. బొటనవేలి గోరు నల్లబడేది. ఒక పండక్కి ఊడిపోయింది కూడా. మా అమ్మ అడిగితే గడప తగిలిందని చెప్పా. తనకి పాటొచ్చు కాబట్టి నన్ను దిద్దుతోందనుకున్నా... అంటే తను తన నోరూ చూసుకుని, నా నోరూ చూసుకునేదా?"

అదే నా చెల్లెలు. ఆమె పోయాక ఆమె గురించి నాకు తెలియని సంగతి ఒకటి మొదటిసారి విన్నాను. పక్కపిల్ల కూడా పాడటం లేదని ఆమెకి తెలుసు. తన గుట్టు నాతో చెప్పింది కానీ, గంట గుట్టు నాతో కూడా చెప్పలేదు.

"ఇది రాయి" అన్నాను.

"ఏది? కాలు తొక్కిందనా? పోయిన మనిషి గురించా?"

"అవును. గోరు ఊడిందని కూడా రాయి."

"నీకేమైనా మతి పోయిందా అక్కా? అది రాస్తే నేను పాడలేదని లోకమంతా తెలిసిపోదూ? మీటింగుల్లో బడి పాట ఎత్తుకునేది నేను!"

"ఎలా ఎత్తుకుంటున్నావు?"

"మొదటి మాట అంటా. మిగతాది అందరూ అందుకుంటారు కదా." కాస్త ఆగి, "ఆ ఫొటో చూపించే మా కోడలిని పాట నేర్చుకోమని పోరుతున్నా. దాని ముందు తలెత్తుకోగలనా? పైగా పతకం చేయించేశాం. గొంతు గొప్పదనం మీద రెండు లైన్లు చెక్కారు కూడా" అంది.

"చెక్కించింది అబద్ధం."

"మంచి అబద్ధమే కదక్కా! చెడ్డగా ఏమన్నా రాశామా?"

"చెడ్డగా రాసి ఉంటే కనీసం ఆమే అని గుర్తుపట్టేదాన్ని."

గంట కళ్ళు తుడుచుకుంది. ఆమెకి నిజంగానే బాధ కలిగింది, అది నాకు కనిపిస్తూనే ఉంది. "పోనీ నియమం పక్కన పెట్టి నువ్వే రాయి. పక్కన నిలబడ్డ ఒకమ్మాయి అను. నా పేరు వద్దు" అంది.

"పక్కన నిలబడింది ఎవరో అందరికీ తెలుసు. ఫొటోలో ఉంది. నువ్వు ఒప్పుకోకుండా నేనెలా రాస్తాను?"

"అయితే కోకిలే ఉండనియ్యి. దానికేం తక్కువ?"

ఇంతలో ఒక పెద్దాయన లోపలికి వచ్చి, కొత్త అద్దాల్లోంచి మెట్లు వంకరగా కనిపిస్తున్నాయన్నాడు. "రండి బాబాయిగారూ, నాలుగు రోజుల్లో అలవాటైపోతుంది" అంటూ గంట ఆయన వైపు తిరిగింది. నేను పేజీని సంచిలో పెట్టుకుని బయటికి వచ్చేశాను.

ఆ తర్వాత రెండుసార్లు ఫోన్ చేశాను. మొదటిసారి ఆలోచిస్తానంది. రెండోసారి కోడలు తీసి, అత్తయ్య స్నానం చేస్తోందని చెప్పింది. వెనకనుంచి గంట మాట నాకు వినపడుతూనే ఉంది.

ప్రెస్సువాళ్ళు మిగతా పుస్తకమంతా అచ్చు వేసి, ఈ ఒక్క పేజీ కోసం ఆపారు. గంట ఇంకా ఒప్పుకోలేదు. కోకిల పేజీ నేను పంపలేదు. నా చెల్లెలి పేజీ ఇంకా ఎవరూ రాయలేదు.