పడిశము పట్టిన వీరుడు

శరదృతువు ప్రవేశించెను. వర్షధారలచే కడుగబడిన గగనము నిర్మలమై వెలుగుచుండ ప్రాతఃకాల సూర్యకిరణములు వైమానిక స్థావరపు ద్వారముకడ నిలిపిన జీర్ణ యుద్ధవిమానముపై ప్రసరించుచుండెను. దాని యంత్రబిలమున గూడు కట్టుకొనిన పిచ్చుకలకు నాడేల ఇంత కోలాహలమో తెలియకుండెను.

శ్యేనదళమను యుద్ధవిమాన పటాలమునకు అది విజయస్వర్ణోత్సవము. యుద్ధారంభదినమున శత్రువిమానమును కూల్చిన మహావీరుడు నాటి దళాధిపతి విక్రమదేవవర్మయే యని క్రొత్తగా ముద్రితమైన దళచరిత్ర ఘోషించుచుండెను. ద్వారముకడనున్న ఆ విమానపు పార్శ్వమునగల ఆయన పేరును దాని క్రింది ఎఱ్ఱని విజయనక్షత్రమును అందులకు సాక్ష్యములు.

చరిత్రకారులు రంగును చూచిరి గాని మనుష్యుల నడుగలేదు. ఎవడు నడపినను విమానముపై అధిపతి పేరే యుండుట ఆ దళమున ఆచారము. ఆ యుద్ధారంభదినమున అధిపతికి పడిశము పట్టెను. ముక్కు దిబ్బడవేసినవాడు ఆకాశమున కెగిరిన చెవులు పగులునట! ఆ మహానుభావుడు కంబళి కప్పుకొని ఆవిరి పట్టుకొనుచుండ ఆ విమానము నెక్కి శత్రువును కూల్చినవాడు ఇరువది నాలుగేండ్ల భానుమూర్తి. మరునాడు వేరొక విమానమున వెడలి అతడు తిరిగి రాలేదు. పతకము వచ్చునప్పటికి అధిపతి ముక్కు తెరచుకొనెను. నోరు మాత్రము తెరచుకొనలేదు.

భర్తపేరు ఆ నక్షత్రముకడ నుండవలెనని భానుమూర్తి భార్య శేషమాంబ ఏబదియేండ్లుగా వ్రాసిన వినతిపత్రములకు ప్రత్యుత్తరము లేదు. ఆమెయు ఈ ఉత్సవమునకు వచ్చి వెనుక వరుసలో కూర్చుండెను.

ఏబదియేండ్ల క్రిందట నక్షత్రమును చిత్రించిన వృద్ధ మెకానిక్కు మరిదాసే దానికి మరల రంగు వేయవలెనని ఉత్సవవిధి. ఎనుబది దాటిన వర్మ పతకములతో, చేతులకు తొడిగిన శ్వేతహస్తత్రాణములతో ప్రక్కన నిలిచెను.

"వేగం కానీ మరిదాసూ, జెండా వందనానికి టైమవుతోంది."

"అవుతాది సారూ. ఆ పొద్దుట కషాయం కాసిచ్చింది నేనే గదా. పడిశం పూర్తిగా తగ్గిందా?"

అతిథులలో నవ్వు పుట్టెను. వర్మ మొగము కందెను.

"విమానం నాది. దాని మీద పేరూ నాదే."

"విమానం మీదే సారూ. గాల్లో ఉన్నది మీరు కాదు."

మరిదాసు కుంచెను తీసికొనిపోయి శేషమాంబ చేతనుంచెను.

"చుక్క ఏసినోణ్ణి నేనే. అప్పుడు నోరెత్తలేకపోయినాను, తప్పు నాదే. రాయండమ్మా."

"చెయ్యి వణుకుతోంది అన్నయ్యా."

"వణకనీయండి. వంకరైనా ఆయన పేరే గదా."

ఆమె విమానముకడకు వచ్చి నక్షత్రము ప్రక్కన వ్రాసెను. అక్షరములు వంకరలుపోయెను గాని భానుమూర్తి యని అందఱును చదివిరి. వర్మ ముందునకురికి అరచేత తుడిచెను. తడిరంగు చెరగలేదు, ఇంకను వెడల్పయ్యెను.

అంతలో బ్యాండు మ్రోగెను. పతాకము పైకెగసెను. వందనము చేయక తప్పదు. సర్వసాక్షియగు భగవంతుడు ఎవరి చరిత్ర చదువునో మనకు తెలియదు. సభాసదులు మాత్రము ఆ ముహూర్తమున పుస్తకమును చూడలేదు. విక్రమదేవవర్మ నొసటికెత్తిన తెల్లని హస్తత్రాణమున ఎఱ్ఱగా అంటుకొనియున్న పరుని పేరునే చూచుచుండిరి.