చూసుకో

పళ్ళ డాక్టరమ్మ దగ్గర కొత్తగా పనికి కుదిరినావిడను అందరూ నర్సమ్మ అనేవారు. మొదటి రోజే డాక్టరమ్మ ఒక పుప్పిపన్నులో సిమెంటు నింపి, దాన్ని గట్టిపరిచే నీలం లైటు ఆమె చేతికిచ్చింది.

"లైటు వేసినప్పుడు చూసుకో. బీప్ కొట్టేదాకా చూసుకో," అంది.

నర్సమ్మ చూసింది. ఒళ్ళు దగ్గర పెట్టుకుని, రెప్ప వేయకుండా, ఇరవై సెకన్లూ ఆ నీలాన్నే చూసింది. అమాయకత్వానికైనా ఓ హద్దుండాలి! అయినా ఆమె తప్పేముంది? కళ్ళు జాగ్రత్త అనాల్సిన మనిషి చూసుకో అంటే, చూడక ఏం చేస్తుంది? ఆ వెలుగు కళ్ళకు తగలకుండా పెట్టుకోవాల్సిన నారింజ రంగు కళ్ళజోడు కవరైనా విప్పకుండా సొరుగులో పడి ఉంది.

ఎనిమిది నెలలు గడిచాయి. మొదట్లో కళ్ళు మూసుకుంటే ఓ చుక్క కనబడేది. తర్వాత తెరిచినా పోలేదు. ఎటు చూస్తే అటే వచ్చి కూర్చునేది. కుర్చీలో పడుకున్నవాళ్ళు "ఆ..." అనేవారు. ఆ శబ్దం వినబడేది, నోరు ఉండేది కాదు. ఉద్యోగం పోతుందని ఎవరికీ చెప్పలేదు.

ఇంట్లో ఆరేళ్ళ కూతురికి ముందుపన్ను కదులుతోంది. "ఊడిన రోజు ముందు నాకే చూపించాలి," అని నర్సమ్మ దానిచేత ఒట్టు వేయించుకుంది.

ఒక ఉదయం నర్సమ్మ ఉమ్ము లాగే గొట్టం తీసుకెళ్ళి పేషెంటు ముక్కులో పెట్టింది.

"ఏమైంది నీకు?" అని డాక్టరమ్మ అరిచింది.

"నోరు కనబడట్లేదు మేడమ్."

డాక్టరమ్మ ఆమె కళ్ళలోకి వంగి చూసింది. "లైటుకేసి చూశావా? చూసుకోమని చెప్పానుగా!"

"చూస్తూనే ఉన్నాను మేడమ్. ఒక్క రోజు కూడా మానలేదు."

మధ్యాహ్నం కళ్ళ డాక్టరు పరీక్ష చేసి, కళ్ళ లోపల, సరిగ్గా చూపు నడుమ మచ్చ పడిందన్నాడు. పోతుందో లేదో చెప్పలేనన్నాడు.

సాయంత్రం గుమ్మంలోనే కూతురు ఎదురొచ్చింది. "అమ్మా, ఊడింది! చూడు, చూడు!"

రెండు జడలున్నాయి. వాటి మధ్య ఏమీ లేదు. అక్కడినుంచే నవ్వు వినబడుతోంది.

నర్సమ్మ మొహం గోడవైపు తిప్పింది. అప్పుడు కంటి కొసలో పిల్ల మొహం వచ్చింది, పళ్ళ మధ్య ఖాళీతో సహా. ఆమెకు ఏడుపొచ్చింది.

"గోడని చూస్తావేంటమ్మా? నన్ను చూడు!"

"నిన్నే చూస్తున్నా తల్లీ."

"ఉహూ, అబద్ధం!"

పిల్ల అలిగి, రెండు చేతులతో తల్లి మొహాన్ని పట్టుకుని తనవైపు తిప్పుకుంది. అంతే, పిల్ల మొహం మాయమైంది.