బీరువా మీద పేర్లు

"బియ్యం నేను తెస్తే నీ పేరెట్ల రాపిస్తవ్? నా పేరే రాపియ్యి," అన్నాడు మా ఆయన ఏసుదానం, డ్యూటీకి పోయే ముందు అన్నంలో పప్పు కలుపుకుంటూ. కోపంగా అనలేదు. కోపంగా అంటే నాకూ ఏదో జవాబు దొరికేది.

బోధన్‌లో మా శాఖా గ్రంథాలయంలో నేను అటెండర్‌ని. ఊడ్చేదీ నేనే, పేపర్లు పరిచేదీ నేనే. ఈ బీరువా సంగతి నిరుడు, తొంభై రెండులో మొదలైంది. ఆడవాళ్లు చదివే పుస్తకాలు కొందామంటే పైవాళ్లు నిధులు లేవన్నారు, చందా అడిగితే షావుకార్లు రేపు రమ్మన్నారు. అప్పుడు మా చర్చి పద్ధతి గుర్తొచ్చింది. ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి దేవుని కుండలో వేస్తాం. లైబ్రరీకీ అట్లాగే తీయండని వాడలో ఇల్లిల్లూ తిరిగాను. మా వాళ్లూ, హిందువులూ అందరూ తీశారు. ఏడాది తిరిగేసరికి ఆ బియ్యం అమ్మి గాజు తలుపుల బీరువా, దాని నిండా పుస్తకాలు కొన్నాం.

ఇవాళ పెయింటర్ సిద్దిరాములు బీరువా మీద దాతల పేర్లు రాయడానికి వస్తాడు. ఇంటి యజమానుల పేర్లే రాయించమని మా లైబ్రేరియన్ సారు చెప్పాడు. పక్కింటి నర్సవ్వనడిగితే, "నా పేరెందుకే, మా ఆయన పేరు రాయి, లొల్లి ఉండది," అంది. ఎదురింటి గంగమణి మాత్రం, "నా పేరు రాస్తే ఎట్లుంటదో ఓపారి సూద్దామనిపిస్తదక్కా," అంది.

నాకేమీ తోచడం లేదు. బియ్యం ఆయన జీతంతో వచ్చినవే, కాదనలేను. నా జీతం ఫీజులకూ కూరగాయలకూ కరిగిపోతుంది, ఎవరికీ కనిపించదు. బియ్యం బస్తా ఆయన భుజం మీద వస్తుంది, వాడంతా చూస్తుంది. మరి ఆ పిడికెడు ఇచ్చింది ఆయనా, నేనా? ఇచ్చింది చెప్పుకోకూడదని పాస్టరుగారంటారు. పేరు కోసం ఆశపడుతున్నానా? సిగ్గుగా ఉంది. సిగ్గెందుకో అర్థం కాక ఒళ్లు మండుతోంది.

"ఇంకింత పెట్టు," అన్నాడు. పెట్టాను. పిల్లల డబ్బాలు సర్దాను. అత్తమ్మకు పక్కకు తీశాను. ఇక అందరూ తిన్నాక, గిన్నె అడుగున గీరితే వచ్చేది నాది. రోజూ గీరుతున్నదే. ఇవాళ గరిటె పట్టుకుని అట్లాగే నిలబడిపోయాను.

"ఇగో, ఈ ఏడాదిల నీకు ఒక్క పూటన్న అన్నం తక్కువైందా?" అని అడిగాను.

"నాకెందుకు తక్కువైతది?" అని చెయ్యి కడుక్కుని పోయాడు.

నేను లైబ్రరీకి వెళ్లేసరికి సిద్దిరాములు రంగు కలుపుతున్నాడు. గంగమణి, ఈరవ్వ, కమలమ్మ, ఒక్కొక్క పేరే చెప్పాను. నర్సవ్వ పేరూ చెప్పాను, తిడితే తిట్టనీ. చివర నాది, జ్ఞానమ్మ.

"సారు ఏమంటడో అక్కా," అంటూనే రాశాడు. "మీద 'దాతలు' అని రాయాల్నా?"

"వద్దు. 'ఆఖరుకు తిన్నోళ్లు' అని రాయి."