దక్షిణం వైపు పలక

నేను ఒక సోలార్ చార్జర్ బోర్డుని. అగ్గిపెట్టెలో సగం ఉంటాను, కోపం మాత్రం బండెడు. ఎండ పలక నుంచి వచ్చే కరెంటు తీసుకుని, బ్యాటరీకి ఎక్కువా తక్కువా కాకుండా పెట్టడం నా పని. ఎండే లేకపోతే నేనేం పెట్టను?

నన్ను కొన్నది మండల కేంద్రంలో సెల్‌ఫోన్లు బాగుచేసే సత్యవేణి. ఈ ఊరి వాగు మీది చప్టా దాటుతూ ఒకసారి బండితో సహా కొట్టుకుపోబోయింది. అందుకే పాడైన ల్యాప్‌టాప్‌లోంచి పనికొచ్చే బ్యాటరీలు ఏరి, నాకు అతికించి, నీళ్లు చప్టా ఎక్కితే ఎర్ర దీపం వెలిగేలా ఒక పెట్టె చేసింది. ఒడ్డున స్తంభానికి బిగించి, పలకను దక్షిణానికి వాల్చింది. చలికాలం ఎండంతా అటే కదా. దీపం లేకపోతే దాటొచ్చని ఊరంతా నమ్మింది.

ఆవిడ అటు వెళ్లిందో లేదో గుర్నాయుడు గారు వచ్చారు. ఈ ఊళ్లో ఎవరు గుమ్మం నిలబెట్టాలన్నా ఆయన్నే అడుగుతారు.

"దక్షిణం యముడి దిక్కురా. అటు చూసే వస్తువు ఊరి ముందర ఉండొచ్చేటి? తిప్పండి."

ఉత్తరానికి తిప్పేశారు. పైగా పలకకి పసుపు రాసి బొట్లు పెట్టారు. ఇంటి గుమ్మానికీ నాకూ తేడా తెలియని పెద్దమనిషి! నాకు ఒళ్లు మండిపోయింది. నోరుంటే కడిగేసేదాన్ని.

వానాకాలం ఎలాగో నెట్టుకొచ్చాను. కార్తీకం వచ్చేసరికి పలక మీద ఎండ పడడమే మానేసింది. బ్యాటరీ రోజురోజుకీ నీరసించింది. అప్పుడే తుపాను పట్టుకుంది, వాగు చప్టా ఎక్కింది. దీపానికి ఇవ్వడానికి నా దగ్గర చుక్క కరెంటు లేదు. తెల్లారుతూనే పాలక్యాన్లతో సైకిలు మీద వచ్చిన సింహాచలం స్తంభం కేసి చూశాడు. దీపం లేదు కదా, చప్టా మీద నిలిచినవి వాన నీళ్లే అనుకుని దిగాడు.

క్యాన్లు ఆ రోజే దొరికాయి. మనిషి మర్నాడు దొరికాడు.

"నాసిరకం సరుకు. ఇలాగే ఉంటాది," అన్నారు గుర్నాయుడు. చంపింది నేనట!

సత్యవేణి వచ్చి పెట్టె విప్పి, మీటరు పెట్టి చూసింది. నాలో ఏ లోపమూ లేదు. తలెత్తి పలకని చూసింది.

"ఎవరు తిప్పారు?"

పోగైన జనం గుర్నాయుడు గారి కేసి చూశారు. ఆవిడ నిచ్చెన వేసి ఎక్కబోతే గుర్నాయుడు అడ్డొచ్చారు.

"దక్షిణం వద్దమ్మా. ఊరికి మంచిది కాదు."

సింహాచలం భార్య పైడితల్లి జనంలోంచి వచ్చి, నిచ్చెనని రెండు చేతులా గట్టిగా పట్టుకుంది.

"ఎక్కమ్మా," అంది సత్యవేణితో. తర్వాత ఆయన వైపు తిరిగింది. "మీ మాట ఇన్నాం బాబూ. నా మనిషి పోనాడు. ఇంకెవర్ని పంపమంటారు?"

ఆయన తప్పుకున్నారు.